మెట్ట మనిషి నొప్పి

మీరు ఇప్పుడు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో గోదావరి ఉంది, ఆనకట్ట మీద పరుగు తీసిన రథం ఉంది, పాలు తాగే పసిబిడ్డ ఉంది, మృత్యువుకు ఎదురు నిలిచిన ఒక స్త్రీ ఉంది. గుండె దిటవు లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఇప్పుడు నిజం చెబుతాను. అది ఏప్రిల్ నెల, గోదావరిలో నీళ్ళకన్నా ఇసకే ఎక్కువ కనిపిస్తోంది. రథం అద్దె టాక్సీ, దాని వెనక తలుపు తాడుతో కట్టి ఉంది. ఆ స్త్రీ మా వదిన. ఎదురు నిలవడం సంగతి అటుంచి, ఆ సమయానికి ఆవిడ వెనక సీట్లో ముడుచుకుని పడుకుని ఉంది. కథ మొత్తం ఒక అపెండిక్స్ గురించి. అది చిటికెన వేలంత ఉంటుందట. దాని మీద కావ్యం ఎంత సాగదీసినా నాలుగు పేజీలు దాటదు.

మాది ఆత్రేయపురం పక్కన ఒక ఊరు. వరి, అరటి, కొబ్బరి. తొంభైలు సగం దాటిన రోజులవి. నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నానని మా ఇంట్లో అనుకునేవారు. అన్నయ్య వ్యవసాయం చూసుకునేవాడు. వదినది జంగారెడ్డిగూడెం దాటి ఇంకా లోపలికి వెళితే వచ్చే ఊరు. అంటే మెట్ట, కాలవ నీళ్ళు ఎక్కని ఎత్తు నేల.

మా పల్లపు జనానికి మెట్టవాళ్ళ గురించి స్థిరమైన అభిప్రాయాలు ఉండేవి. వాళ్ళు బోరు నీళ్ళు తాగుతారు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల వేడిలో పెరుగుతారు, జీడితోటల్లో చెప్పుల్లేకుండా తిరుగుతారు, అందుకని గట్టిగా ఉంటారు, నొప్పీ గిప్పీ తెలియదు. ఇది మేం తిట్టుగా అనలేదు. మెచ్చుకోలుగానే అనేవాళ్ళం. చిక్కంతా అక్కడే ఉంది. తిట్టైతే ఎవరో ఒకరు ఎదురు చెప్పేవారు. మెచ్చుకుంటుంటే ఎవరు కాదంటారు?

మా ఇంట్లో నొప్పి ఎప్పుడూ ఒంటరిగా వచ్చేది కాదు, ప్రేక్షకులను వెంటబెట్టుకుని వచ్చేది. నాన్నగారికి పన్ను నొప్పి వస్తే మా వీధి గుమ్మంలో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. ఆయన పడక్కుర్చీలో వాలి, ఆస్తి పంపకాల గురించి సన్నని గొంతుతో మాట్లాడేవారు. అమ్మకి తలనొప్పి వస్తే గిన్నెలు కూడా చప్పుడు చెయ్యకూడదు. నేను ఇంజక్షన్ చేయించుకునేటప్పుడు అరిచిన అరుపుకి ఒకసారి పక్క గదిలో రోగి లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇలాంటి ఇంటికి కోడలిగా వచ్చింది మా వదిన.

పెళ్ళైన కొత్తలో, పెరట్లో కొబ్బరి మట్టలు తీస్తుంటే ఆవిడకి తేలు కుట్టింది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "అత్తయ్యగారూ, తేలు కుట్టిందండి" అంది. కూరలో ఉప్పు సరిపోయిందండి అని చెప్పే గొంతుతోనే అంది.

అమ్మకి అర్థం కాక, "ఎవరినమ్మా?" అంది.

"నన్నేనండి."

అప్పుడు అమ్మ పెట్టిన కేకకి ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చి, ముందు అమ్మ కాళ్ళే పట్టుకుని చూశారు. వదిన పక్కన నిలబడి, "నాకండి, చేతికండి" అని వాళ్ళకి దారి చూపించింది.

ఆ కథ ఊరంతా తిరిగింది. దాన్ని అందరికన్నా బాగా చెప్పేది నేనే. నేను చెప్పినప్పుడు చివర్లో తేలు చచ్చిపోయేది.

తర్వాత వదినకి పాప పుట్టింది. పురుడు పుట్టింట్లోనే జరిగింది, ఐదో నెలలో బిడ్డతో మా ఇంటికి వచ్చింది. పురిటి గదిలోనూ గొంతెత్తలేదట. అమ్మ వీధి వీధంతా ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయింది.

ఆ ఏడాది దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలప్పుడు, అన్నయ్యా నాన్నగారూ పొలంలో ఉండగా, వదిన ఒక పొద్దున్న పొయ్యి దగ్గర నుంచి లేచి, "కడుపులో కాస్త ఇబ్బందిగా ఉందండి అత్తయ్యగారూ" అంది.

"నిన్న పనస తొనలు తిన్నావు కదమ్మా. నేను వద్దంటూనే ఉన్నాను" అని అమ్మ వాము నీళ్ళు కాచి ఇచ్చింది. వదిన తాగింది. కాసేపటికి పెరట్లోకి వెళ్ళి కక్కుకుని, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది. మర్నాడు కూడా ఆవిడ అన్నం ముట్టకపోయేసరికి అమ్మ నాతో, "నువ్వు ఖాళీయే కదరా, వదినని డాక్టరుగారికి చూపించుకురా" అంది. నా ఖాళీ గురించి మా ఇంట్లో ఎవరికీ సందేహం లేదు. పాపని అమ్మ దగ్గర ఉంచి, మోపెడ్ మీద బయల్దేరాం.

డాక్టరుగారంటే మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆయనే. పెద్దాయన, మంచివారు. అందరూ ఆయన్ని నమ్మేవారు, ఇప్పటికీ నాకు ఆయన మీద గౌరవమే. మేం వెళ్ళేసరికి మా ఊరి ఆసామీ ఒకాయన బల్ల మీద పడుకుని, "పోతున్నానండోయ్ డాక్టరుగారూ, పిల్లలకి కబురు పెట్టండోయ్" అంటున్నాడు. డాక్టరుగారు ఆయన పొట్ట నలువైపులా నొక్కి చూశారు, బీపీ చూశారు, సెలైన్ ఎక్కించారు. ఆసామీ గట్టిగా ఒక త్రేన్పు తేన్చి నిద్రపోయాడు.

తర్వాత వదిన స్టూలు మీద కూర్చుంది. మా గోదావరి జిల్లాల్లో ఎవరు ఎవరిని కలిసినా మొదటి ప్రశ్న ఒకటే. బస్సులో సీటిచ్చినా, పెళ్ళిలో పక్కన కూర్చున్నా, అదే ముందు అడుగుతారు. డాక్టరుగారూ అదే అడిగారు.

"ఏ ఊరమ్మా మీది?"

వదిన చెప్పింది.

"ఓహో, మెట్ట. మెట్టవాళ్ళకి నొప్పులేంటమ్మా? మా పల్లపోళ్ళకి కదా రోగాలన్నీ" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. వదిన కూడా నవ్వింది. పెద్దవాళ్ళు జోకేస్తే నవ్వాలి కదా.

"ఎలా ఉంది నొప్పి?"

"పర్లేదండి. ఓర్చుకోగలుగుతున్నానండి."

"మరింకేం. గ్యాసమ్మా. వేసవి కదా, మజ్జిగ బాగా తాగు." మాత్రలు రాశారు, గులాబీ రంగు సిరప్ ఒకటి రాశారు. బల్ల మీద ఆసామీ నిద్రపోతూనే ఉన్నాడు కాబట్టి వదిన పడుకోవడానికి చోటు కూడా లేదు. పడుకోమని ఎవరూ అనలేదనుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద రోడ్డు గతుకులు. ప్రతి గతుక్కీ నా భుజం మీద ఆవిడ చెయ్యి బిగుసుకుంటోంది.

"కాస్త నెమ్మదిగా పోనివ్వండి మరిదిగారూ."

"ఇంకా నెమ్మదంటే దిగి తోసుకెళ్ళాలి వదినా."

"పోనీ అలాగే కానివ్వండి. నేను నడుస్తాను."

జోకనుకున్నాను. ఆవిడ నిజంగానే దిగింది. రోడ్డు బాగుపడేదాకా పమిట కొంగు నడుముకి అదిమి పట్టుకుని గట్టు వారగా నడిచింది. పక్కనే నేను మోపెడ్ తోసుకుంటూ నడిచాను. ఎదురుగా వచ్చిన ఒక సైకిలాయన, "పెట్రోలైపోయిందా?" అని అడిగాడు. నాకు చాలా అవమానంగా అనిపించింది. నా డ్రైవింగ్ మీద నమ్మకం లేక దిగిపోయిందనుకుని, ఇంటికెళ్ళాక ఆ సంగతి అందరికీ చెప్పి నవ్వించాను కూడా.

మర్నాడు పొద్దున్న వదిన, "ఇప్పుడు నొప్పి తగ్గినట్టే ఉందండి" అంది. మా ఇంట్లో అందరికీ ఒక్కసారి గర్వం పొంగింది. నాన్నగారు, "మెట్ట మనిషిరా. అదే నువ్వైతే ఈపాటికి రాజమండ్రి ఆస్పత్రులన్నీ తిప్పేవాడివి" అన్నారు. లోపల అపెండిక్స్ పగిలినప్పుడు కాసేపు నొప్పి తగ్గుతుందని, అది మంచి కబురు కాదని మాకు తర్వాత తెలిసింది.

మధ్యాహ్నానికి ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. పాప చాప మీద ఏడుస్తోంది. వదిన దాన్నే చూస్తోంది కానీ చెయ్యి చాపలేదు. అమ్మ వంటింట్లోంచి, "అమ్మాయ్, పిల్ల ఏడుస్తోంది" అంది. మళ్ళీ అంది. మూడోసారి తనే బయటికొచ్చి, వదిన మొహం చూసి, ఒంటి మీద చెయ్యి వేసింది.

మా అమ్మ గొంతు వీధి మొత్తానికి వినపడుతుందని ముందే చెప్పాను. ఆ రోజు ఆవిడ అరవలేదు. నా వైపు తిరిగి మెల్లగా, "బండి మాట్లాడరా" అంది. అప్పుడే నాకు మొదటిసారి భయం వేసింది.

తలుపుకి తాడు కట్టిన టాక్సీ అలా వచ్చింది. పొలం నుంచి అన్నయ్యా నాన్నగారూ వచ్చి ఎక్కారు. అమ్మ పాపతో ఉండిపోయింది. ఆనకట్ట మీద ముందొక కొబ్బరికాయల లారీ నిదానంగా పోతోంది, దాటడానికి చోటు లేదు. మా రథం దాని వెనకే పోయింది. నాన్నగారు దారంతా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పన్ను నొప్పికి ఆస్తి పంచే మనిషి ఆయన.

రాజమండ్రిలో మేం వెళ్ళిన ఆస్పత్రిలో సర్జన్ ఒక ఆవిడ. ఆవిడ ఊరు అడగలేదు. అది నాకు ఎందుకో కొంచెం మర్యాద తక్కువగా కూడా అనిపించింది. "పడుకోండమ్మా" అని, పొట్ట కుడివైపు కింద మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసేశారు. వదిన పళ్ళ సందున గాలి పీల్చింది. చప్పుడంటే అంతే.

"నొప్పి ఎంత ఉందో చెప్పక్కర్లేదమ్మా. ఇంట్లో రోజూ చేసే పనుల్లో ఏవి మానేశారో చెప్పండి."

వదిన ఆలోచించింది. "వంగి తుడవడం మానేశానండి. బిందె ఎత్తడం లేదండి. కుడివైపు ఒత్తిగిలి పడుకోవడం లేదండి." కాస్త ఆగి, "నిన్నట్నించి పాపని ఎత్తుకోలేకపోతున్నానండి. పక్కన పడుకోబెడితే పాలిస్తున్నాను" అంది.

ఒకే ఇంట్లో ఉంటున్నాం అందరం. ఇందులో ఒక్కటీ మాలో ఎవరం చూడలేదు.

"వచ్చేటప్పుడు బండి గతుకుల్లో పడితే నొప్పి ఎక్కువయ్యేదా?" అని సర్జన్‌గారు అడిగారు. జవాబు నాకు తెలుసు. ఆ జవాబు పక్కనే మోపెడ్ తోసుకుంటూ నడిచినవాణ్ణి. చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా వదినే చెప్పింది.

"ఇన్ని రోజులు ఎందుకు ఆగారండీ?" అని ఆవిడ మమ్మల్ని అడిగారు.

నాన్నగారు చేతులు కట్టుకుని, "మెట్ట మనిషండి. తట్టుకుంటుందని…" అన్నారు.

"తట్టుకుందిగా" అన్నారు సర్జన్‌గారు. అని ఆపరేషన్‌కి ఏర్పాట్లు చూడటానికి వెళ్ళిపోయారు.

వదిన బతికింది. దీని గురించి ఉత్కంఠ పెంచి రాయొచ్చు కానీ, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మేం వరండాలో బల్ల మీద కూర్చుని గోడ మీద బల్లిని చూశాం, అంతకన్నా ఏం జరగలేదు. పొట్ట లోపలంతా చీము పట్టిందన్నారు. గొట్టం పెట్టారు. కుట్లు ఒకసారి చీము పట్టి విడిపోయాయి. వారమన్నది నెల దాటింది.

వార్డులోనూ అదే వరస. పక్క మంచం ఆవిడ మూలిగితే నొప్పి ఇంజక్షన్ వచ్చేది, వదిన అడగదు కాబట్టి వచ్చేది కాదు. నర్సమ్మ నాతో మెచ్చుకోలుగా, "మీ వదినగారు చాలా ఓర్పండి, అసలు పిలవరు" అంది. ఆ మెచ్చుకోలు నేను బాగా ఎరుగుదును. అది విన్న సర్జన్‌గారు, "ఓర్పుని బట్టి కాదమ్మా, టైముని బట్టి ఇవ్వండి. అందరికీ. పిలిచినా పిలవకపోయినా" అన్నారు. ఆ రోజు నుంచి టైముకి ఇచ్చారు. మొదటిసారి అలా ఇచ్చిన మధ్యాహ్నం వదిన సాయంత్రం దాకా నిద్రపోయింది. అప్పటిదాకా ఆవిడ కళ్ళు మూసుకుని పడుకోవడాన్నే మేం నిద్ర అనుకుంటున్నాం.

ఒకరోజు నేను కాపలా కూర్చుని, ఆవిణ్ణి నవ్విద్దామని తేలు కథ మొదలుపెట్టాను. పక్క మంచాలవాళ్ళు కూడా వింటున్నారు. చచ్చిపోయే తేలు దగ్గరికి వచ్చేసరికి వదిన, "మరిదిగారూ, ఆ రోజు చెయ్యి భుజం దాకా లాగేసిందండి" అంది.

"మరి అలా చెప్పారేంటి వదినా, కూరలో ఉప్పు సంగతిలాగా?"

"పెళ్ళై పది రోజులండి అప్పటికి. మీ ఇంట్లో ఎవరి ముందు ఏడవాలో నాకింకా తెలీదు."

ఆ మాట మామూలుగానే అంది, నిష్ఠూరం లేకుండా. నేను కథ పూర్తి చెయ్యలేదు. పక్క మంచం ఆవిడ, "తర్వాతేమైందండీ?" అని అడిగింది కూడా. బత్తాయి రసం తెస్తానని లేచి వెళ్ళిపోయాను.

డిశ్చార్జి చేశాక ఇంటికి తీసుకొచ్చాం. అమ్మ దిష్టి తీసి లోపలికి తీసుకెళ్ళింది. ఈ నెల రోజులూ పాపకి డబ్బా పాలే. చీము ఉందని, ఇన్‌ఫెక్షన్ అని ఆస్పత్రికి పాపని తేనివ్వలేదు. వదిన కూర్చుని చేతులు చాపింది. పాప ఆవిణ్ణి చూసి, కొత్తవాళ్ళని చూసినట్టు మొహం తిప్పుకుని, మా అమ్మ భుజంలో దూరి ఏడ్చింది. వదిన చేతులు వెనక్కి తీసుకోలేదు. అలాగే కాసేపు చాపి ఉంచి, "పోన్లెండి అత్తయ్యగారూ, నిద్ర వస్తోందేమో" అంది. మళ్ళీ అదే గొంతు.

ఈసారి మాత్రం ఎవరూ ఆ గొంతుని నమ్మలేదు. నమ్మకపోయినంత మాత్రాన చెయ్యగలిగిందీ లేదు. పాలు ఎండిపోయాయి. పాప వారం పది రోజుల్లో అలవాటు పడింది కానీ, రాత్రిళ్ళు నిద్రకి మా అమ్మనే వెతుక్కునేది. ఆ అలవాటు పెద్దయ్యాక కూడా పోలేదు. అదేం పెద్ద విషాదం కాదు, నాయనమ్మ దగ్గర పడుకునే పిల్లలు ఊరినిండా ఉన్నారు. వదిన ఒక్కతే పక్క గదిలో మెలకువగా ఉండేదని అన్నయ్య తర్వాతెప్పుడో చెప్పాడు.

నాన్నగారు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి గట్టిగా నాలుగు మాటలు అడిగేస్తానన్నారు. నేనూ వెంట వెళ్ళాను. తీరా వెళ్ళాక, నాన్నగారు జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకున్నారు. అడిగితే మమ్మల్ని మేమూ అడగాల్సి వస్తుంది కదా. డాక్టరుగారు స్టెతస్కోపు గొట్టం వేలికి చుట్టుకున్నారు.

"ఊరు అడిగితే సగం రోగం తెలిసిపోతుందనుకునేవాణ్ణండి" అన్నారు. "చాలామందికి సరిపోయేది. సరిపోనివాళ్ళు మళ్ళీ నా దగ్గరికి వచ్చేవారు కాదు. అందుకని నాకు తెలిసేది కాదు."

తర్వాత ఆయన బల్ల ఇంకోటి వేయించారు. కడుపు నొప్పి అని ఎవరొచ్చినా, ఆసామీ అయినా కూలి మనిషి అయినా, ముందు బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసేవారు. ఊరూ పేరూ మాత్రలు రాసేటప్పుడు అడిగేవారు. జనానికి ఇది నచ్చలేదు. డాక్టరుగారికి వయసు మీద పడి పలకరింపు మర్చిపోతున్నారని చెప్పుకున్నారు. నేను ఎవరికీ సర్దిచెప్పలేదు, చెబితే మా వదిన పొట్ట గురించి చెప్పాలి.

మా ఇంట్లో మార్పు మాత్రం హాస్యాస్పదంగా వచ్చింది. వదిన తుమ్మితే నాన్నగారు టాక్సీ అంటారు. ఆవిడ మొహం కాస్త వాడితే అమ్మ పనులన్నీ లాక్కుంటుంది. ఒకసారి ఆవిడ ఊరికే గోడకి ఆనుకుని పత్రిక చదువుకుంటుంటే అన్నయ్య పొలం నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఇదంతా చూస్తే నవ్వొస్తుంది. ఇందులో పదో వంతు ఆ ఏప్రిల్‌లో చేసి ఉంటే సరిపోయేదని గుర్తొస్తే ఆ నవ్వు అక్కడితో ఆగిపోతుంది.

లోపల పేగులు అతుక్కున్నాయట. అప్పుడప్పుడూ నొప్పి వస్తుంది. ఇప్పుడు నేను రాజమండ్రిలోనే చిన్న ఉద్యోగం చేస్తున్నాను, అందరి దగ్గరా సెల్ ఫోన్లు వచ్చాయి. మొన్న శనివారం సాయంత్రం వదిన ఫోన్ చేసింది.

"మరిదిగారూ, కడుపులో నొప్పిగా ఉందండి."

"వస్తున్నాను. బండి మాట్లాడనా?"

"అంత కంగారేం లేదండి. అన్నీ చేసుకుంటున్నాను, తింటున్నాను. సర్జన్‌గారికి ఫోన్ చేశాను, తొందరేం లేదు, ఓసారి స్కానింగ్ తీయించుకోమన్నారు. ముదరకముందే చెబుదామని చేశాను."

ఇన్నేళ్ళలో నొప్పిగా ఉందన్న మాట ఆవిడ తనంతట తాను నాకు చెప్పడం అదే మొదలు. నాకు చాలా మాటలు చెప్పాలనిపించింది. కాలవ గట్టు సంగతి, డాక్టరుగారి గదిలో నవ్విన నవ్వు సంగతి, పాప సంగతి. "వదినా…" అన్నాను.

"చెప్పండి. రేపు రమ్మంటారా మరి?"

రేపు ఆదివారం. స్కానింగ్ సెంటర్ తియ్యరు. సోమవారం ఏడున్నరకి రావాలి, పరగడుపున. మంచినీళ్ళు తాగొచ్చు. ఇవే చెప్పాను.